హెచ్4 ఈఏడీ మీద ట్రక్ లైసెన్స్ వస్తుందా? ముందు ఫీజు కట్టకండి

"మా ఆవిడది హెచ్1బీ, నాది హెచ్4 ఈఏడీ. హైదరాబాద్‌లో నాకు హెవీ లైసెన్స్ ఉండేది. ఇక్కడ ట్రకింగ్ స్కూల్ వాళ్లు 6,000 డాలర్లు కడితే సీడీఎల్ గ్యారంటీ అంటున్నారు, చేరమంటారా?" అని అమెరికాలో ఉన్న ఒకరు అడిగారు. (ఈఏడీ అంటే పని చేసుకునే అనుమతి కార్డు, హెచ్4 అంటే హెచ్1బీ వర్క్ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా, సీడీఎల్ అంటే పెద్ద ట్రక్కులు తోలే కమర్షియల్ లైసెన్స్.)

చేరకండి. ఈఏడీ చూపించి సీడీఎల్ తీసుకునే దారి ఇప్పుడు మూసుకుపోయింది.

అది తెరిచి ఉన్నప్పుడు వెళ్లినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. 2023లో నా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉండేది, చేతిలో ఈఏడీ. స్కూల్లో చేరి, పరీక్షలు పాసయ్యాక, కార్డు మీద 'నాన్ డొమిసైల్డ్' (అంటే ఇక్కడ స్థిర నివాసి కాదని) అని అచ్చేసి ఇచ్చారు. జీతంలో గానీ రోడ్డు మీద గానీ దానివల్ల ఏ తేడా లేదు. రెండేళ్లు హాయిగా బండి తోలాను. 2025 అక్టోబర్‌లో రెన్యువల్‌కి వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి "ఇవి ఇవ్వడం ఆపేశాం" అంది. అంతే. నెల తిరిగేలోపు లైసెన్స్ గడువు అయిపోయింది, తాళాలు కంపెనీకి ఇచ్చేశాను. ట్రక్ కొని ఈఎంఐ కట్టేవాణ్ణయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

జరిగింది ఏమిటంటే, 2025 సెప్టెంబర్ 29న ట్రకింగ్ భద్రత చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ మోటర్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ నిబంధన మార్చింది. గ్రీన్ కార్డ్ లేని విదేశీయుల్లో హెచ్-2ఏ, హెచ్-2బీ, ఈ-2 స్టేటస్ ఉన్నవాళ్లకే ఈ లైసెన్స్. చెల్లుబాటయ్యే పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) రెండూ చూపాలి, రాష్ట్రం వాళ్లు ఇమ్మిగ్రేషన్ వివరాలుండే 'సేవ్' సిస్టమ్‌లో స్టేటస్ సరిచూసుకోవాలి. గడువు ఐ-94 తేదీ వరకు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. రెన్యువల్‌కి మనిషి స్వయంగా రావాల్సిందే. నవంబర్‌లో అప్పీల్స్ కోర్టు స్టే ఇచ్చింది. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో "రూల్ కొట్టేశారు" అని సంబరాలు చేసుకున్నారు. మా రాష్ట్రంలో మాత్రం కౌంటర్ మళ్లీ తెరుచుకోలేదు. 2026 ఫిబ్రవరిలో తుది నిబంధన వచ్చింది, జాబితాలో అవే మూడు.

ఆ మూడింట్లో ఈ-2 (పెట్టుబడిదారుల వీసా) మనకి అసలు లేదు, ఇండియాతో ఆ ఒప్పందమే లేదు. హెచ్-2లు పొలం పనులకి, సీజన్ పనులకి. అంటే మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఈ జాబితాలోకి వచ్చేవాళ్లు దాదాపు ఉండరు.

ఈ నిబంధనకి ప్రభుత్వం చెప్పే కారణం, విదేశంలో మన డ్రైవింగ్ చరిత్రని రాష్ట్రాలు చూడలేవని. నాకది పూర్తిగా మింగుడు పడదు. రెండేళ్లుగా ఇక్కడే తోలిన నా రికార్డు వాళ్ల కంప్యూటర్‌లోనే ఉందిగా!

గ్రీన్ కార్డ్ వస్తే ఇదంతా వర్తించదు, అందరిలా మామూలు సీడీఎల్‌కే అప్లై చేసుకోవచ్చు. నాకు మొన్న జనవరిలో వచ్చింది, అలాగే చేశాను.

ఈ మధ్యలో నేను బాక్స్ ట్రక్ తోలాను. బండి మొత్తం బరువు రేటింగ్ (సరుకుతో సహా తయారీదారు పెట్టిన గరిష్ఠ బరువు) 26,000 పౌండ్లు, అంతకులోపు ఉంటే మామూలు డ్రైవింగ్ లైసెన్స్ చాలు. ప్రమాదకర సరుకు ప్లకార్డు పెట్టాల్సిన లోడు మాత్రం ఎక్కించుకోకూడదు. రేటింగ్ 10,001 పౌండ్లు, ఆపైన ఉన్న బండితో రాష్ట్రం దాటి సరుకు తోలాలంటే ఆరోగ్య పరీక్ష పాసైనట్టు మెడికల్ కార్డు కావాలి. ఇంగ్లీషు కూడా రావాలి. 2025 జూన్ నుంచి రోడ్డు మీద ఆపి మాట్లాడించి, రాకపోతే డ్రైవర్ని అక్కడికక్కడే బండి దింపేస్తున్నారు. హెచ్4 ఈఏడీకి ఈ పని చేసుకునే హక్కు ఉంది, సంపాదన మాత్రం ట్రెయిలర్ తోలినంత రాదు.

హైదరాబాద్ హెవీ లైసెన్స్ సంగతి అడిగారు కదా, ఇక్కడ గుర్తించేది కెనడా, మెక్సికో కమర్షియల్ లైసెన్సులనే. మనది ఏ కౌంటర్‌లోనూ పనికిరాదు. చేతికి అలవాటైన గేర్లు మాత్రం పనికొస్తాయి, మా మామయ్య లారీ మీద నేర్చుకున్నవి నాకు పనికొచ్చినట్టు.

ఆ స్కూల్ వాళ్లని ఒక్క మాట కాగితం మీద రాసివ్వమనండి: లైసెన్స్ రాకపోతే ఫీజు వెనక్కిస్తామని.