చెప్పింది పెద్దలే, చేసింది మనం

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. గడువు దాటి వచ్చిన ఒక దరఖాస్తుకు పాత తేదీ వేసి తపాలు రిజిస్టరులో ఎక్కించమని మా అధికారి నోటిమాటగా చెప్పారు. నాకు మనసొప్పడం లేదు. మా నాన్నగారేమో, ‘తండ్రి మాట కోసం రాముడు అడవికే పోయాడు, నువ్వు ఒక తేదీ వేయలేవా?’ అని కోప్పడుతున్నారు. పెద్దల మాట కాదనడం తప్పా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నాన్నగారి భయం నాకు అర్థమవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే కొడుకు పై అధికారితో పేచీ పెట్టుకుంటే ఏ తండ్రికీ నిద్ర పట్టదు. కాని ఆయన చూపిన ఉదాహరణ ఆయన వాదనకు సాయపడదు. తండ్రి మాట కోసం రాముడు వదులుకున్నది తనకు రావలసిన రాజ్యాన్ని. ఆ మాట నిలబెట్టడానికి ఆయన అబద్ధం ఆడలేదు, ఇంకొకరి హక్కు లాక్కోలేదు. మీరు పాత తేదీ వేస్తే నష్టపోయేది మీరు కాదు, గడువులోపల వరుసలో నిలబడి కాగితం ఇచ్చి వెళ్లిన మరొక మనిషి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

పైగా వాల్మీకి రామాయణంలో విధేయత చర్చకు తావులేని విషయంగా కనిపించదు. గర్వించి, చేయదగినదీ చేయరానిదీ తెలియక, దారి తప్పినవాడు గురువైనా సరే శాసించదగినవాడేనని అయోధ్యాకాండలో లక్ష్మణుడు వాదిస్తాడు. రాముడు ఆ వాదాన్ని అంగీకరించకుండా, తండ్రి ఆజ్ఞ మేరకు తల్లినే వధించిన పరశురాముణ్ణి ఉదాహరణగా చూపుతాడు. ఆ ఉదాహరణ దగ్గరకు వచ్చినప్పుడల్లా నా మనసు కలవరపడుతుంది, లక్ష్మణుడి పక్షానికే మొగ్గుతుంది. ఇక తల్లి వరం అడిగి తెచ్చిపెట్టిన రాజ్యాన్ని వద్దన్న భరతుణ్ణి మనలో ఎవరమూ అవిధేయుడు అనలేదు కదా!

‘మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ’ అన్న తైత్తిరీయోపనిషత్తు వాక్యాలను బడి గోడల మీద కూడా రాసుకుంటాం. ఆ వెంటనే గురువు శిష్యుడికి చెప్పే మాటలను మాత్రం ఎందుకో వదిలేస్తాం. ‘నిందకు తావులేని పనులనే చేయి, తక్కినవి వద్దు, మాలోని మంచి నడవడినే అనుసరించు, తక్కినది వద్దు’ అని అక్కడ ఉంది. నన్ను దేవుడిగా చూడు అని చెప్పిన నోటితోనే నాలో మంచిని మాత్రమే తీసుకో అని చెప్పిన ఆ గురువుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి. చాలా ఏళ్ల కిందట చిత్తూరులో ఒక కార్యాలయంలో తపాలు సీటులో కూర్చున్నప్పుడు మీకు చెప్పినట్లే నాకూ చెప్పారు, నేను వేశాను. తేదీ ముద్రలో ఉండే చిన్న రబ్బరు చక్రాన్ని బొటనవేలితో నాలుగు రోజులు వెనక్కి తిప్పాను; అంతే పని, నిమిషం కూడా పట్టలేదు. నెల తర్వాత ఒక పెద్దాయన వచ్చి, ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతలు పెట్టి దాచుకున్న రసీదును నా మేజా మీద పరిచి, ‘నా తర్వాత ఇచ్చినాయనకు ముందు ఎట్ల వచ్చింది సార్?’ అని అడిగాడు. ‘పైవాళ్లను అడుగు’ అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా ఆ రసీదును మళ్లీ అవే మడతల మీద మడుచుకొని వెళ్లిపోయాడు. తేదీ వేసినందుకన్నా ఆ జవాబు ఇచ్చినందుకు నేను ఇప్పటికీ ఎక్కువ బాధపడతాను. చక్రం తిప్పిన వేలు నాది అయినప్పుడు పైవాళ్లను అడగమని ఎలా అనగలిగాను?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో మొదలుపెట్టిన ప్రయోగాల గురించి చదివినప్పుడు నాకు నా తేదీ ముద్రే గుర్తుకొచ్చింది. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా 15 వోల్టుల నుంచి 450 వోల్టుల దాకా పెంచుకుంటూ కరెంటు షాకు ఇవ్వమని మామూలు జనానికి ఒక అధికారి చెబుతాడు. నిజానికి షాకు ఏదీ తగలదు, అయితే మీట నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు. మొదట ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. వాళ్లు క్రూరులు కారు. చెమటలు పట్టి, వణుకుతూ కూడా నొక్కారు. అదే అధికారి గదిలో లేకుండా ఫోనులో చెప్పినప్పుడు కడదాకా వెళ్లినవాళ్లు అయిదుగురిలో ఒకరికి తగ్గారు. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేము చేయం’ అని లేచిన మరొక ప్రయోగంలోనైతే 40 మందిలో నలుగురే మిగిలారు.

అందుకే మీరు ఒంటరిగా ఉండవద్దని చెబుతున్నాను. పక్క సీటులోని నమ్మకమైన సహోద్యోగితో మాట్లాడండి. అధికారి ఎదుట గొంతు పెంచకండి. దరఖాస్తు ఏ రోజు అందిందో, గడువు ఏ రోజు ముగిసిందో నోట్ ఫైలులో రాసి, ‘తగు ఉత్తర్వుల కోసం’ అని పైకి పంపండి. ఏం చేయాలన్నా అప్పుడు వారు సంతకంతోనే చెప్పవలసి వస్తుంది. నోటితో తేలిగ్గా చెప్పిన మాటను కాగితం మీద రాయడానికి చాలామంది వెనకాడతారు. మీ నాన్నగారికి కూడా ఒక మాట చెప్పండి: రేపు విచారణ జరిగితే రిజిస్టరులో కనిపించేది మీ చేతిరాత.

ప్రశ్న: మా అత్తవారింట్లో ఒక గురువుగారి మాటే వేదం. సందేహం అడిగితే భక్తి లేదంటారు. మతంలో ప్రశ్నకు చోటు లేదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ఉందమ్మా, మీ దగ్గరలోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న వెంగమాంబ బొట్టు తీయను, తల గొరిగించుకోను అని నిలబడింది. పీఠాధిపతి వచ్చి చెప్పినా వినలేదని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆనాడు ఊరు ఆమెను ఎన్ని మాటలన్నదో మనం ఊహించుకోవచ్చు. ఇప్పుడు తిరుమలలో ప్రతి రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే హారతి ఆమె పేరు మీదనే, ముత్యాల హారతి. లక్షల మంది అన్నం తినే నిత్యాన్నదాన కేంద్రానికీ ఆమె పేరే పెట్టారు. ఆచారాన్ని కాదన్న ఆ మనిషికి భక్తి తక్కువైందని అనగలవారు ఎవరు?

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతి మరీ ప్రత్యేకమైనది. జగద్గురువు అవుతాడని నమ్మి తన చుట్టూ కట్టిన సంస్థను ఆయన 1929లో తానే రద్దు చేసి, ఎవరినీ అనుసరించవద్దని ఆ శిష్యులకే చెప్పాడు. మీ ఇంట్లో వాదన పెంచుకోవాలని నా ఉద్దేశం కాదు. మీ సందేహాన్ని ఇంటివాళ్ల ముందు కాకుండా, వీలైతే నేరుగా ఆ గురువుగారి ముందే మర్యాదగా ఉంచండి. ఆయన దాన్ని ఎలా అందుకుంటారో మీరే చూస్తారు.

ప్రశ్న: మన పాత సాహిత్యమంతా రాజుల పొగడ్తేనని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: పొగడ్త చాలానే ఉంది, కాదనను. అయితే సాళువ నరసింహుడు తన మీద పదాలు చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోలేదని, అందుకు సంకెళ్లు వేయించాడని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. శ్రీకాళహస్తిలో ధూర్జటి ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు’ అన్నాడు. ఆయన రాయలవారి ఆస్థానంలో ఉన్నవాడేనన్న ప్రతీతి నిజమైతే, అది సేవ చేసి చూసిన మనిషి మాట.

పుస్తకాల్లోకి ఎక్కని సాహిత్యం మీ ఊళ్లోనే ఏటా గంగమ్మ జాతరగా జరుగుతుంది, మీ మిత్రులను తప్పక తీసుకెళ్లండి. ఆడపిల్లలను చెరిచిన పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ రోజుకొక వేషంలో వెతుకుతుంది. వాడు దాక్కొని దొరకడు. జాతరలో దొర వేషం నాడు ముఖానికి రంగు పూసుకొని, తలపాగా చుట్టుకొని, కత్తి పట్టి ఇంటింటికీ వచ్చే గంగమ్మ వేషగాణ్ణి దగ్గరగా చూడండి. ఊరందరినీ తన మాటకు వణికించిన ఆ పాలెగాడు, తనకన్నా పెద్ద దొర వచ్చాడని నమ్మి దండం పెట్టడానికి తానే బయటికి వచ్చాడట.