ఆధార్‌లో జనవరి 1: చిక్కంతా అక్కడే

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను పుట్టేనాటికి అమ్మానాన్నలు వలస కూలీలు. ఐదో తరగతి వరకు ఊళ్లోనే చదివాను. బడి రిజిస్టరులో నా పుట్టిన తేదీ 1985 జూన్ 12, ఆధార్‌లో 1990 జనవరి 1. జాతీయ గుర్తింపు కార్డు వస్తే ఆధార్ చెల్లదని ఒక పార్టీవాళ్లు, భయం లేదని ఇంకో పార్టీవాళ్లు అంటున్నారు. అమ్మకు నిద్ర పట్టడం లేదు. నల్లగొండ ఆసుపత్రిలో పుట్టినట్టు పాత తేదీతో జనన ధ్రువపత్రం ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. జనన రిజిస్టరును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. దొంగ కాగితమని తెలిసి వాడినవారికీ శిక్ష తప్పదు. ఏజెంటు పారిపోతాడు, సంతకం మీది ఉంటుంది. పైగా ఒకసారి దొరికాక మీ నిజమైన 1985ను కూడా ఎవరూ నమ్మరు.

పార్టీల గొడవ వాళ్లకు వదిలేయండి. 2003 సవరణతో పౌరసత్వ చట్టంలో చేరిన 14ఎ సెక్షన్ పౌరులను నమోదు చేసి జాతీయ గుర్తింపు కార్డు ఇచ్చే అధికారాన్ని కేంద్రానికి ఎప్పుడో ఇచ్చింది. అమలు చేయాలా వద్దా అన్నదే వాళ్ల పేచీ. ఇక ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది.

మీ విషయం తేల్చే తేదీ 1987 జూలై 1. రాజ్యాంగం వచ్చాక, ఆ తేదీకి ముందు ఈ దేశంలో పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత, 2004 డిసెంబరు 3కు ముందు పుట్టినవారైతే తల్లో తండ్రో పౌరులని కూడా చూపాలి. బడి రిజిస్టరు మిమ్మల్ని ఈ గట్టున నిలబెడితే ఆధార్ ఆ గట్టుకు తోస్తోంది. అటు వెళ్లినా మీ పౌరసత్వం పోదు, కాని రుజువు చేసే భారం రెట్టింపవుతుంది. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి నా దగ్గరికి వచ్చేవారిలో ఎందరికో ఆధార్‌లో పుట్టినరోజు జనవరి ఒకటే! ఆపరేటరు వయసు అడిగి అంకె కొట్టాడు, మీరు రసీదు చదవకుండా జేబులో పెట్టుకున్నారు. ఇన్నేళ్లు ఏం చేశారు?

అమ్మ నిద్ర గురించి రాశారు గాని, మీరు ఎక్కడ పుట్టారో అమ్మ ఏమంటోందో రాయలేదు. ఊళ్లోనా, వలస వెళ్లిన పని దగ్గరా? జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. వేరే రాష్ట్రమైతే దరఖాస్తు అక్కడే. ఊళ్లోనే అయితే ప్రసవం నాటికి ఉన్న పెద్దవాళ్లను సాక్షులుగా చూసుకోండి. బడికి ఈ వారమే వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు నకలు ప్రధానోపాధ్యాయుడి సంతకం, ముద్రతో తీసుకోండి. పాత రిజిస్టర్లు చెదల పాలవడం నేను చూశాను.

తర్వాత జననం నమోదు కాలేదని పంచాయతీ కార్యదర్శి నుంచి పత్రం తీసుకోండి. ఏడాది దాటింది కాబట్టి జనన మరణాల నమోదు చట్టం 13వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అందుకు ఆ మేజిస్ట్రేటు అధికారం ఉన్న దేవరకొండ ఆర్డీవోకు దరఖాస్తు పెట్టుకోండి. ఎన్నేళ్లు ఆలస్యమైనా ఈ దారి మూసుకుపోదు. తిరస్కరిస్తే మాత్రం ఆ తిరస్కరణను రాతపూర్వకంగా అడిగి తీసుకుని, ఆ తేదీ భద్రంగా ఉంచండి. అప్పుడు మీ పుట్టిన తేదీని తేల్చి ప్రకటించమని సివిల్ కోర్టులో వేసే డిక్లరేషన్ దావాకు గడువు, దావా వేసే హక్కు తలెత్తిన నాటి నుంచి మూడేళ్లే.

ఆధార్ కేంద్రానికి ఇప్పుడే పరుగెత్తకండి. పుట్టిన తేదీ మార్పుకు మామూలుగా ఒక్కసారే అవకాశం. ఆర్డీవో ఉత్తర్వుతో జనన ధ్రువపత్రం చేతికి వచ్చాకే వెళ్లండి. ఈసారి రసీదు అక్కడే నిలబడి చదవండి.