బ్రిస్బేన్ బయల్దేరే ముందు: చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

మీరు ఆక్లాండ్ వదిలి బ్రిస్బేన్ వచ్చేస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తెనాలిలో నా కొంగు పట్టుకు తిరిగిన పిల్లవి, సంసారాన్ని ఇంకో దేశానికి మార్చుకునేంత దానివయ్యావు, ఎంత మురిసిపోయానో. కానీ "మాకు వీసాలేం అక్కర్లేదు, న్యూజిలాండ్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు" అన్నావట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

వీసా ఉంటుందమ్మా. ఆస్ట్రేలియాలో దిగగానే న్యూజిలాండ్ పౌరులకి 444 అనే వీసా పడుతుంది. ఎన్నాళ్లైనా ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, మెడికేర్, అంటే ప్రభుత్వ వైద్యం కూడా వస్తుంది. అయినా కాగితం మీద అది తాత్కాలిక వీసానే.

మీ పెదనాన్న కూడా అచ్చం నీలాగే అన్నారు. మేం న్యూజిలాండ్ నుంచి ఇక్కడికి వచ్చింది 2004లో. అప్పటికే రూల్ మారిపోయింది, 2001 ఫిబ్రవరి 26 తర్వాత వచ్చిన న్యూజిలాండ్ వాళ్లు పన్ను అందరిలాగే కట్టాలి గానీ, ఉద్యోగం పోతే భృతి రావాలంటే విడిగా పీఆర్, అంటే శాశ్వత నివాస వీసా తెచ్చుకోవాలి. ఆయనకప్పుడు 43 ఏళ్లు, ఎకౌంటెంట్, స్కిల్డ్ కింద, అంటే వృత్తి నైపుణ్యం ఉన్నవాళ్ల కోటాలో, పీఆర్‌కి పెట్టుకోవచ్చని తెలిసినవాళ్లు చెప్పారు కూడా. అంత ఫీజు ఎందుకు, ఉండనిస్తున్నారుగా, వచ్చే ఏడు చూద్దాం అంటూ ఉండగానే 45 నిండాయి, ఇక దరఖాస్తుకే వీల్లేదు. ఏమైందిలే అనుకున్నాం. మీ అక్క 2011లో స్కూలు ముగించి ఫిజియోథెరపీలో సీటు తెచ్చుకున్నాక తెలిసొచ్చింది ఏమైందో. తోటి పిల్లలందరికీ ఫీజు కోసం ప్రభుత్వం అప్పిచ్చింది, ఉద్యోగం వచ్చాక జీతంలోంచి మెల్లగా కట్టుకుంటారు. దీనికి మాత్రం ఇవ్వమన్నారు, ప్రతి సెమిస్టర్ ముందే కట్టాలన్నారు. తెనాలి స్థలం అమ్మేశాం. మీ అక్క రాత్రిళ్లు సూపర్‌మార్కెట్లో సరుకులు సర్ది, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో క్లాసుకి పోయేది. చిన్నప్పుడే వచ్చి పదేళ్లు ఇక్కడ పెరిగిన పిల్లలకు అప్పు ఇస్తామని 2016 జనవరి నుంచి మొదలెట్టారు, అప్పటికి మీ అక్క ఆఖరి ఫీజు కూడా కట్టేసింది. పెదనాన్న ఇప్పటికీ ఆ స్థలం ఊసెత్తరు. ఆయన్ని తప్పుపట్టాలని కాదే, బంగారంలాంటి మనిషి, వాయిదా వేశారంతే. నువ్వు వెయ్యకు.

ఇప్పుడు మీకు దారి చాలా తేలికైంది. 2023 జూలై 1 నుంచి పీఆర్ అక్కర్లేకుండానే, 444 మీద నాలుగేళ్లు ఉంటే నేరుగా పౌరసత్వానికి పెట్టుకోవచ్చు. మేమూ అలాగే తీసుకున్నాం. కాకపోతే ఆ నాలుగేళ్లలో దేశం బయట గడిపింది మొత్తం కలిపి 12 నెలలు మించకూడదు, ఆఖరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. ఆక్లాండ్ వెళ్లొచ్చినా లెక్కే. వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ మొదటిరోజు నుంచీ రాసిపెట్టుకో.

అసలు భయం ఇదీ. నీళ్లోసుకున్నావని తెలిసింది, తొలికాన్పు పుట్టింట్లోనే అని మీ అమ్మ పట్టుబడుతోంది. వద్దు. 444 మీద ఉన్న నీకు ఇక్కడ బిడ్డ పుడితే పుట్టుకతోనే ఆస్ట్రేలియా పౌరసత్వం వస్తుంది, 2022 జూలై 1 తర్వాత పుట్టిన పిల్లలకు అది వర్తిస్తుంది. తెనాలిలో పుడితే అలా రాదు. పైగా పురిటికని వెళ్తే ఆరు నెలలు ఇట్టే అయిపోతాయి, ఆ 12 నెలల్లో సగం పోయినట్టే. మీ అమ్మనే ఇక్కడికి రప్పిద్దాం, అది ఏడిస్తే నేను చూసుకుంటాను. పత్యం నేను వండుతాను, నీళ్లు నేను పోస్తాను.

అల్లుడిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే కదా. న్యూజిలాండ్ పీఆర్ ఉన్నా అతనికి 444 రాదు. నీ భర్తగా 461 వీసాకి పెట్టాలి, అది ఐదేళ్లది, పని చేసుకోవచ్చు. అది చేతికొచ్చాకే ఇల్లు ఖాళీ చెయ్యండి. పౌరసత్వం అతనికి నీతోపాటే వచ్చెయ్యదు, నీది వచ్చాక పార్ట్‌నర్ వీసా సంగతి చూడాలి.

కివీసేవర్‌లో, అంటే అక్కడి రిటైర్మెంట్ పొదుపులో ఉన్న డబ్బు ఇక్కడి రిటైర్మెంట్ ఫండ్ సూపర్‌లోకి మార్చుకోవచ్చు, తొందరేం లేదు. ట్యాక్స్ నంబర్ మొదటి వారంలోనే తీసుకో. అల్లుడు కారు వేగంగా నడుపుతాడని విన్నాను, తగ్గించమను. ఏ కేసులోనైనా ఏడాది జైలు పడితే వీసా రద్దు చేసి పంపించేస్తారు, 2014 నుంచి అదే చట్టం, పెళ్లాం బిడ్డలు ఇక్కడున్నారన్నా రద్దు ఆగదు. కోప్పడుతున్నానని అనుకోకు.

461 ఫారం పంపేముందు ఒకసారి నాకు చూపించు, పెదనాన్న చదువుతారు. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే ఉండండి. అద్దె మాట ఎత్తావంటే ఊరుకోను.

మీ పెద్దమ్మ