క్యాంప్‌గ్రౌండ్ పెడతానంటున్న అమ్మాయికి ముందు నీళ్ల లెక్క

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. చదువయ్యాక ఉద్యోగాలేవీ వద్దు, మనకున్న అయిదెకరాల్లో క్యాంప్‌గ్రౌండ్ పెడతానంటోంది. స్థలం పక్కనే వాగు, నిండా పెద్ద చెట్లు. టెంట్లు వేసుకోవడానికి చోటిస్తే చాలు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదని తన వాదన. ఇది నిలబడే కెరీరేనా? దీనికి ఏం చదవాలి? - ఒక తల్లి

జవాబు: నిలబడుతుంది. అయితే మీ అమ్మాయి ఊహలో ఉన్న పని వేరు, రోజూ చేతికొచ్చే పని వేరు. క్యాంప్‌గ్రౌండ్ నడపడమంటే, శుక్రవారం సాయంత్రానికి నిండిపోయి ఆదివారం మధ్యాహ్నానికి ఖాళీ అయ్యే ఒక చిన్న ఊరికి నీళ్లు, మురుగు, కరెంటు, చెత్త, భద్రత చూసుకోవడం. చెట్లూ నక్షత్రాలూ అతిథులు చూస్తారు. నడిపేవాళ్లు ఎక్కువగా చూసేది మోటార్లు, పైపులు, మరుగుదొడ్లే. ఆ సంగతి తెలిశాక కూడా ఉత్సాహం తగ్గకపోతే తను సరైన దారిలోనే ఉన్నట్టు.

‘చోటిస్తే చాలు’ అన్న మాట దగ్గర మొదలుపెడదాం. మీ స్థలంలో 30 సైట్లు, అంటే ఒక్కో బృందం టెంట్ వేసుకునే చోట్లు, వేశారనుకోండి. సైటుకు నలుగురు చొప్పున నిండిన రోజున 120 మంది. ఫ్లష్ మరుగుదొడ్లు, స్నానాల గదులు ఉంటే మనిషికి రోజుకు 100 లీటర్లు వేసుకోవాలి, అంటే 12,000 లీటర్లు. అందులో ఎక్కువ భాగం పొద్దున రెండు గంటల్లో, సాయంత్రం రెండు గంటల్లో వాడతారు కాబట్టి బోరు సరిపోతుందా అన్నది సగం ప్రశ్నే. ఒక రోజు వాడకమంతా నిల్వ ఉండే ట్యాంకు కావాలి. బోరు పరీక్ష ఎండాకాలం చివర, ఆగకుండా కనీసం 24 గంటలు నీళ్లు తోడి చేయించాలి. వర్షాల తర్వాత చేసిన పరీక్షలో ఏ బోరైనా పాసవుతుంది.

వచ్చిన నీళ్లన్నీ మళ్లీ ఎక్కడికో పోవాలి కదా. చాలా క్యాంప్‌గ్రౌండ్లు దెబ్బతినేది ఇక్కడే. రెండు రోజుల మురుగు నిలవాలంటే సెప్టిక్ ట్యాంకు 24,000 లీటర్లుండాలి. అందులోంచి వచ్చే నీరు భూమిలోకి ఇంకడానికి గొట్టాలు పరిచిన క్షేత్రం కావాలి. ఇసుక పాలు ఎక్కువున్న నేల చదరపు మీటరుకు రోజుకు సుమారు 25 లీటర్లు పీలుస్తుంది కాబట్టి 480 చదరపు మీటర్లు చాలు. బంకపాలు ఎక్కువున్న నేల 10 లీటర్లే పీలుస్తుంది. అప్పుడు 1,200 కావాలి. అది పాడైతే వాడుకోవడానికి అంతే స్థలం ఖాళీగా వదలాలి. అంటే బంకనేలలో అర ఎకరానికి పైగా మురుగుకే పోతుంది. దాని మీద టెంట్లు వేయకూడదు, బండ్లు నిలపకూడదు, తాగునీటి బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. ఈ నేల పరీక్షను భూగర్భజలం బాగా పైకొచ్చే వానాకాలంలో చేయించాలి. బోరు పరీక్ష ఎండలో, నేల పరీక్ష వానలో. అందుకే సైట్లు గీయడానికి ముందే ఒక పూర్తి సంవత్సరం పోతుంది. దీన్ని దాటవేసే దగ్గరి దారి లేదు.

లెక్క సరిగ్గా వేసినా సెప్టిక్ వ్యవస్థ ఎందుకు పాడవుతుందంటే, వారమంతా పెద్దగా పని లేకుండా ఉన్న ట్యాంకు మీద శనివారం ఒక్కసారిగా మురుగు విరుచుకుపడుతుంది. అడుగుకు దిగాల్సిన ఘనపదార్థం దిగకుండానే క్షేత్రంలోకి కొట్టుకుపోయి మట్టి రంధ్రాలను మూసేస్తుంది. సెప్టిక్ ట్యాంకు తర్వాత మరో ట్యాంకు కట్టి, టైమర్ పెట్టిన పంపుతో ఆ నీటిని వారమంతా కొద్దికొద్దిగా వదిలితే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. గిన్నెలు కడిగే చోట జిడ్డు పట్టే తొట్టి తప్పనిసరి. క్యారవాన్లను (లోపలే పడక, మరుగుదొడ్డి ఉండే బండ్లను) రానిస్తే వాటి మరుగుదొడ్లలో వాడే ఫార్మాల్డిహైడ్ రసాయనాలు ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపేస్తాయి. ఆ మురుగు దించడానికి వేరే ట్యాంకు పెట్టి, ఎప్పటికప్పుడు తోడించి పంపేయాలి.

ఇక వాగు. అతిథులు అడిగేది ఒడ్డు పక్క సైటే, ఎక్కువ డబ్బిచ్చేదీ దానికే. 1996 ఆగస్టు 7న స్పెయిన్‌లోని బియెస్కాస్ దగ్గర కొండవాగు ఒక్కసారిగా పొంగి క్యాంప్‌గ్రౌండ్ మీద పడితే 87 మంది చనిపోయారు. ఆ క్యాంప్‌గ్రౌండ్ ఉన్నది ఆ వాగే మట్టీ రాళ్లూ మేటవేసిన చోట. 2010 జూన్ 11న అమెరికాలోని ఆర్కన్సాలో, ఆల్బర్ట్ పైక్ క్యాంప్‌గ్రౌండ్‌లో తెల్లవారకముందే వరద ముంచెత్తింది. కొన్ని గంటల్లో నది దాదాపు ఆరు మీటర్లు పెరిగింది, 20 మంది ప్రాణాలు పోయాయి. టెంట్‌లో నిద్రపోయేవాళ్లకు వాగు పెరుగుతున్న చప్పుడు వినపడేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి పాత వరద గుర్తుకు పైనే సైట్లు వేయాలి, ఎగువన ఎంత వాన పడితే ఖాళీ చేయించాలో ముందే రాసిపెట్టుకోవాలి, ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడని సైరన్ ఉండాలి. వాగు ఒడ్డు పగటిపూట కూర్చోవడానికి వదిలేయండి. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

చెట్ల గురించి కూడా చెప్పాలి. మనుషులు, బండ్లు తిరిగే కొద్దీ వేళ్ల మీది మట్టి గట్టిపడి, గాలీ నీరూ అందక పెద్ద చెట్లు పైనుంచి ఎండిపోతాయి. 1930ల ఆరంభంలోనే అమెరికా అటవీ శాఖలో వృక్షవ్యాధుల నిపుణుడు ఎమిలియో మైనెకె దీన్ని గమనించి, క్యాంప్‌గ్రౌండ్ నమూనానే మార్చారు. లోపల గుండ్రంగా తిరిగే ఒకవైపు దారి, దానినుంచి ఒక్కో సైటుకు బండి ఆపే చిన్న చీలిక, బండి పక్కకు పోకుండా రాళ్లో దుంగలో. ఇప్పటికీ అదే పనికొస్తోంది. ఒకవైపు దారి మూడున్నర మీటర్ల వెడల్పుంటే అగ్నిమాపక వాహనం లోపలికి వస్తుంది. టెంట్ వేసే చోటు నాలుగైదు మీటర్ల చతురస్రం, నీరు జారేలా నూటికి ఒకటి రెండు వంతుల వాలు. మంట వేసే ఇనుప చట్రం టెంట్‌కు కనీసం మూడు మీటర్ల దూరంలో. ఎండుకొమ్మల కోసం ఏటా నిపుణుడికి చెట్లు చూపించి, ఆ నివేదిక దాచుకోవాలి. ప్రమాదం జరిగిన రోజున బీమావాళ్లు మొదట అడిగే కాగితం అదే.

కరెంటు గురించి ఒక్క మాట. బయట ఉన్న ప్రతి ప్లగ్గుకూ 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగే బ్రేకర్ ఉండాలి. తడినేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ప్లగ్గు పెట్టేవాళ్లు ప్రతి వారం వస్తారు.

డబ్బు లెక్కను అమ్మాయితోనే వేయించండి. 30 సైట్లు, ఏడాదిలో 200 రాత్రులు తెరిచి ఉంటే 6,000 సైటు-రాత్రులు (ఒక సైటు ఒక రాత్రి అద్దెకు పోతే ఒకటి). శుక్ర, శనివారాలు మాత్రమే పూర్తిగా నిండితే సుమారు 1,710. వానకు రద్దయినవి తీసేస్తే ఇంకా తక్కువ. అప్పు వాయిదా, బీమా, జీతాలు, మరమ్మతులు, తన జీతం, అన్నీ కలిపి 1,500తో భాగించమనండి. వచ్చిన అంకె మీ చుట్టుపక్కల జనం ఒక రాత్రికి ఇచ్చేదానికన్నా ఎక్కువైతే పథకం మార్చాల్సిందే. వారం మధ్యలో ఎవరొస్తారన్నదే ఈ వ్యాపారంలో అసలు ప్రశ్న. 1962లో డేవ్ డ్రమ్ అమెరికాలోని బిల్లింగ్స్‌లో పెట్టిన క్యాంప్‌గ్రౌండ్ పెద్ద గొలుసు సంస్థగా ఎదిగింది. సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు కార్లలో పోతున్నవాళ్లకు దారిలో రాత్రి ఆగే చోటు అవసరమైంది, అక్కడ వేడినీళ్ల స్నానం, శుభ్రమైన మరుగుదొడ్డి దొరికాయి. మీ స్థలం ఎక్కడికో వెళ్లే దారిలో ఉందా, లేక పనిగట్టుకుని అక్కడికే రావాలా అన్నది చూసుకోండి. రెండోదైతే మొదట 10, 12 సైట్లతో ఆపండి. నీళ్లు, మురుగు ఏర్పాట్లు మాత్రం చివరి సంఖ్యకు సరిపడేలా ప్లాన్ గీయించండి.

ఏం చదవాలంటే, క్యాంప్‌గ్రౌండ్‌కే ప్రత్యేకమైన డిగ్రీ అవసరం లేదు. ఇప్పుడున్న డిగ్రీ పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత పీజీకి వెళ్తానంటే పర్యావరణ ఇంజినీరింగ్, అటవీశాస్త్రం, ల్యాండ్‌స్కేప్ ప్లానింగ్, హాస్పిటాలిటీ, వీటిలో తన డిగ్రీకి దారున్నది ఏదైనా పనికొస్తుంది. ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు నీళ్లు-మురుగు వైపు చదువుకే, ఎందుకంటే మిగతావాటికి మనుషుల్ని పెట్టుకోవచ్చు. ఈ పని అర్థం కాని యజమాని కాంట్రాక్టరు చెప్పిందల్లా నమ్మాల్సి వస్తుంది. వీటితోపాటు ఖాతాలు రాయడం, తాగునీటి క్లోరినేషన్, అడవి ప్రాంతాల్లో ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. ఈ చికిత్సలో ప్రాథమిక కోర్సు దాదాపు 16 గంటలు, పైస్థాయిది 70 నుంచి 80 గంటలు.

అన్నింటికన్నా ముఖ్యం, నడుస్తున్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఒక సీజన్ మొత్తం జీతానికి పనిచేయడం. తెరవడానికి నెల ముందు చేరి, మూసి పైపులు ఖాళీ చేసేదాకా ఉండాలి. రిసెప్షన్‌లోనే కూర్చోబెడితే వద్దని, మెయింటెనెన్స్ అడగమనండి. రాత్రి పది తర్వాత గోల చేసేవాళ్లతో మాట్లాడటం, తెల్లారి ఆగిపోయిన పంపు బాగుచేయించడం, అదే రోజు నవ్వుతూ కొత్త అతిథుల్ని ఆహ్వానించడం తనకు పడుతుందో లేదో అక్కడే తేలుతుంది. యజమాని కావడం పడకపోయినా ఈ రంగంలో జీతపు ఉద్యోగాలున్నాయి. పార్కుల నిర్వహణ, సైటు ప్లానింగ్, పెద్ద సంస్థల్లో ఆపరేషన్స్ మేనేజరు లాంటివి.

ఈ సెలవుల్లో చేయాల్సినవి రెండు. స్థానిక కార్యాలయానికి వెళ్లి ఆ భూమిలో రాత్రి బసకు అనుమతి వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వాగు పక్క పాతకాపులను అడిగి, వాళ్లు చూసిన అతిపెద్ద వరద ఎంతవరకు వచ్చిందో మీ స్థలంలో కర్రలు పాతి గుర్తు పెట్టాలి. ఆ కర్రలకు పైన మిగిలే నేల రెండెకరాలకన్నా తక్కువైతే 30 సైట్ల మాట పక్కనపెట్టి మళ్లీ రాయండి, చిన్న ప్లాన్ వేరేగా చర్చిద్దాం.