చెప్పందే కితాబు తీయని అబ్బాయికి ఆన్‌లైన్ కోర్సా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఆలిమ్ కోర్సు (ఇస్లామిక్ పండితుడయ్యే చదువు) చదువుతున్నాడు. మొదట్లో బాగానే చదివేవాడు. ఇప్పుడు వెంటపడితే తప్ప కితాబు తీయడు. మదరసా మాన్పించి, తన వీలును బట్టి చదువుకునే ఆన్‌లైన్ ఇస్లామిక్ కోర్సులో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?

జవాబు: అమ్మా, దీన్ (మతం) చదువు మీద ఆసక్తి తగ్గిందంటే దీన్ మీదే మనసు పోయిందేమోనని మీ టెన్షన్. అలా అనుకోనక్కర్లేదు. నహ్వ్, సర్ఫ్ (అరబిక్ వాక్య నిర్మాణం, పదరూపాలు) దగ్గర నీరసపడే పిల్లలు బోలెడుమంది. ఐదు పూటలా నమాజు చేసే పిల్లవాడికి కూడా అరబిక్ క్రియారూపాలు బట్టీ పట్టడం విసుగే. దాన్ని ఈమాన్‌తో (విశ్వాసంతో) ముడిపెట్టి మాట్లాడితే, పాఠం అర్థం కాలేదని చెప్పడానికి కూడా భయపడతాడు.

ఇప్పుడు అందరూ ఆన్‌లైన్ వైపే పరుగెడుతున్నారు. నాకు మాత్రం అనుమానాలున్నాయి. తన వీలును బట్టి చదవడమంటే ఎప్పుడు కూర్చోవాలో, ఎక్కడ తప్పు పోతోందో తనే చూసుకోవాలి. మీవాడికి ఇంకా అలవాటు కానిది అదే కదా! వీడియో అయిపోగానే యాప్ టిక్కు పెట్టేస్తుంది, పాఠం వచ్చిందో రాలేదో దానికి పట్టదు. తజ్వీద్‌లో (ఖురాన్‌ను సరైన ఉచ్చారణతో చదవడంలో) ఒక్క అక్షరం గొంతులో సరిగ్గా పలక్కపోతే ఎదురుగా ఉన్న ఉస్తాద్ అక్కడే ఆపి మళ్లీ చెప్పిస్తారు. రికార్డు చేసిన పాఠం ముందుకు వెళ్లిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూ పట్టుదలగా చదివే పెద్దవాళ్లకైతే ఆన్‌లైన్ బాగానే పనికొస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతాను. నిద్ర లేపేది మీరు, కితాబు తీయించేది మీరు, ఉస్తాద్‌కు ఫోన్ చేసేదీ మీరే. ఇక వాడు చేయడానికి ఏం మిగిలింది? ఇంత రాశారు, వాడేమంటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. చుట్టాల ముందు "మావాడు ఆలిమ్ అవుతాడు" అనడం కూడా కొన్నాళ్లు ఆపండి.

హిఫ్జ్‌లో (ఖురాన్ కంఠస్థం చేయడంలో) కొత్త సబఖ్‌తో (పాఠంతో) పాటు ఈమధ్య చదివింది సబ్ఖీగా, పాతది మంజిల్‌గా రోజూ తిప్పుతారు. ఖురాన్ 30 పారాలు (భాగాలు) గుర్తుండేది ఆ తిప్పడం వల్లే. ఫిఖ్‌కూ (ఇస్లామిక్ ధర్మశాస్త్రానికీ) వ్యాకరణానికీ అదే పద్ధతి పెట్టుకోమనండి. రాత్రి కితాబు మూసి ఆరోజు పాఠం తన మాటల్లో చెప్పుకోవాలి. తడబడిన చోటు నోట్‌బుక్‌లో రాసుకుని, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ముందు అనుకోవడం, చేస్తూ గమనించుకోవడం, తర్వాత సమీక్షించుకోవడం అని బారీ జిమ్మర్‌మన్ అనే విద్యా మనోవిజ్ఞాని చెప్పింది దాదాపు ఇదే. నియ్యత్ (సంకల్పం), ముహాసబా (ఆత్మపరిశీలన) తెలిసిన మీ ఇంట్లో ఇదేం కొత్త కాదు. ఆ నోట్‌బుక్ మాత్రం మీరు తెరిచి చూడకండి.

ఈసారి పరీక్షలయ్యే దాకా కోర్సు మార్చకండి. అప్పటికీ వద్దనే అంటే, ఏం చదవాలనుందో వాడినే నాకు రాయమనండి.