వేడి చారు మీద పడితే ముందు 20 నిమిషాలు కొళాయి కిందే

రెండేళ్ల పాప వంటింట్లో కాళ్లకు అడ్డం పడుతూ తిరుగుతోంది, వేడివి ఏమైనా మీద పడితే ముందు ఏం చేయాలి, మా అత్తయ్య ఇడ్లీ పిండి పూయమంటున్నారు, మంచిదేనా అని అడిగారు.

పూయొద్దండి. ఇడ్లీ పిండి, టూత్‌పేస్ట్, పసుపు, నెయ్యి, సిరా, ఏదీ వద్దు. నేను ఒక ప్రభుత్వాసుపత్రి బర్న్స్ వార్డులో నర్సుగా పనిచేశాను. ఇలా పూసి తీసుకొచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. గాయం ఎంత లోతుగా ఉందో డాక్టర్‌కి తెలియాలంటే పూసినదంతా కడిగి తీయాలి. కాలిన చోట ఎండి అతుక్కున్న పిండి తీస్తుంటే ఆ బిడ్డ ఏడుపు వినలేం.

కావాల్సింది కొళాయి నీళ్లు, అంతే. కాలిన చోట 20 నిమిషాల పాటు నీళ్లు ధారగా పడుతూ ఉండాలి. కొళాయి రాకపోతే బకెట్‌లో నీళ్లు పెట్టుకుని చెంబుతో పోస్తూ ఉండండి. చారు తుడిచేసినా, చర్మంలోకి వెళ్లిన వేడి ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది ఈ నీళ్లే. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పిల్ల ఏడుస్తుంటే టెన్షన్‌లో రెండు నిమిషాలు నీళ్లు పోసి ఆటో ఎక్కేస్తారు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు నీళ్లు పోస్తూనే ఉండాలి. అప్పటికప్పుడు కుదరకపోయినా, కాలిన మూడు గంటల లోపు పోసినా ఉపయోగం ఉంటుంది. ఐస్ మాత్రం పెట్టకండి, కాలిన చర్మానికి రక్తం అందడం తగ్గి గాయం ఇంకా పెరుగుతుంది. చిన్నపిల్లలు త్వరగా చల్లబడిపోతారు కాబట్టి కాలిన చోట మాత్రమే నీళ్లు పోస్తూ, మిగతా ఒళ్లంతా పొడి దుప్పటితో కప్పండి.

నీళ్లు పోస్తూనే బట్టలు, డైపర్ తీసేయండి. డైపర్ వేడి చారును పీల్చుకుని ఒంటికి పట్టి ఉంచుతుంది. గాజులు, మొలతాడు, కాళ్ల పట్టీలు కూడా వాపు రాకముందే తీసేయాలి. బట్ట చర్మానికి అతుక్కుపోతే లాగకుండా చుట్టూ కత్తిరించండి. తర్వాత ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్లండి. బొబ్బలు చిదపొద్దు. పాప అరచేతికంటే పెద్ద గాయమైనా, చిన్నదే అయినా ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద అయితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కరెంటు వల్ల కాలితే పైకి చిన్న మచ్చే కనిపించినా వెళ్లండి, లోపల ఎక్కువ కాలి ఉండవచ్చు.

బట్టలకే నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వకండి, గాలికి మంట ఇంకా ఎగుస్తుంది. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పి ఆర్పండి. ఆ తర్వాత మళ్లీ నీళ్లే. పొయ్యి దగ్గర నైలాన్ నైటీలు, పాలియెస్టర్ చీరలు కట్టుకోకండి, కరిగి ఒంటికి అంటుకుపోతాయి.

అసలు పడకుండా చూసుకోవడం గురించి కూడా చెప్తాను. మా వార్డుకు వచ్చిన పిల్లల్లో మంటల కంటే స్నానానికి కాచిన నీళ్ల వల్ల కాలినవాళ్లే ఎక్కువ. పొయ్యి మీంచి గిన్నె దించి బాత్‌రూమ్‌కు మోసుకెళ్తుంటే పిల్ల వచ్చి కాళ్లకు చుట్టుకుంటుంది. లేదా బకెట్‌లో ముందు వేడినీళ్లు పోసి, చన్నీళ్ల కోసం అటు తిరిగేసరికి చేయి పెట్టేస్తుంది. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే కొన్ని సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి, పిల్లలకు ఇంకా తక్కువ సమయం చాలు. అందుకే బకెట్‌లో ఎప్పుడూ చన్నీళ్లే ముందు పోయండి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న గదికి గడియ వేయండి. చారు, సాంబారు గిన్నెలు నేల మీద పెట్టి వడ్డించే అలవాటు ఉంటే, పాప కాస్త పెద్దయ్యేదాకా గట్టు మీదే ఉంచండి, అంచున కాకుండా గోడ వైపు.