అరుగుదలా? తరుగుదలా?

సందేహం: మా పాత అంబాసిడర్‌కు బ్రేకు సరిగా పట్టడం లేదని షెడ్డుకు తీసుకెళ్తే, మెకానిక్ ‘‘డ్రమ్ములు అరిగిపోయాయి, లైనర్లు అయిపోయాయి’’ అన్నాడు. అరగడం తిండికి కదా! ఆడిటరుగా ఉన్న మా అబ్బాయి ‘తరుగుదల’ అనాలంటాడు. నెట్‌లో చూస్తే ‘ధరించిన డ్రమ్ము బ్రేకులు’ అని ఉంది. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ముందు ఆ ‘ధరించిన’ సంగతి. ఇంగ్లీషులో తొడుక్కోవడానికీ అరగడానికీ క్రియ ఒక్కటే. అనువాదం చేసిన యంత్రం మొదటి అర్థం పట్టుకుంది. దాన్ని లోకం మీదికి వదిలినవారు ఒక్కసారైనా చదువుకోలేదు. బ్రేకు డ్రమ్మేమన్నా కండువానా, ధరించడానికి? మీ మెకానిక్‌ను అడిగి రాసుకున్నా పరువు దక్కేది.

అరగడం తిండికేనని మీకెవరు చెప్పారండీ? సాన మీద గంధపుచెక్క అరుగుతుంది. కచేరీ చుట్టూ తిరిగితే చెప్పులరుగుతాయి. రోలు, కొడవలి, పాత నాణెం మీది బొమ్మ, అన్నీ అరిగేవే. ఒరిపిడికి రవ్వరవ్వగా రాలిపోవడం ఈ మాటకు మొదటి భావమనీ, కడుపులో తిండి నలిగి ఒంటబట్టడం తరవాతి పొడిగింపనీ నా నమ్మకం. తమిళంలో ‘అరై’ అన్నా, కన్నడంలో ‘అరె’ అన్నా నూరడమే. ఆకురాయిని తమిళులు ‘అరం’ అంటారు. ఇవన్నీ ఒకే ఇంటి పిల్లల్లా నాకు కనిపిస్తాయి. నిఘంటుకారులు కాదంటే వాదించే ఓపిక నాకింకా ఉంది. మీ డ్రమ్ము విప్పినప్పుడు రాలిన నల్లటి పొడి చూశారా? అదే నా సాక్ష్యం. (పాత లైనర్లలో, అంటే డ్రమ్మును ఒరిసే పట్టీల్లో, ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడిని గాలికొట్టి ఊదనివ్వకండి.)

సుమతి శతకకారుడు ఎంత గడుసువాడో చూడండి. కరణాన్ని కాదని తిన్న తిండి వికటిస్తుందంటూనే, ‘ఇరుసునఁ గందెన బెట్టక పరమేశ్వరు బండియైనఁ బాఱదు’ అన్నాడు. అరగని తిండినీ, ఒరుసుకుపోయే ఇరుసునూ ఒక్క కందంలో బిగించాడు! ఆయన కాలానికి డ్రమ్ము బ్రేకులు లేవు గాని, ఉంటే ఇంకో పద్యం చెప్పేవాడు: ఆ కందెనే లైనరుకు తగిలితే పరమేశ్వరు బండి ఆగదు.

కావ్యాల్లో ‘అరిగె’ అంటే వెళ్ళాడని. వీధి అరుగు సంగతి వేరు.

ఇక తరుగుదల. తరగడమంటే కొలత తగ్గడం. లైనరుకు రెండు మాటలూ చెల్లుతాయి: ఒరిసి అరుగుతుంది, మందం తరుగుతుంది. డ్రమ్ము దగ్గరే చిక్కు. పెడలు తొక్కితే షూలు, అంటే లైనర్లు బిగించిన వంపు దిమ్మలు, బయటికి తెరుచుకుని డ్రమ్ము లోపలి గోడను ఒరుస్తాయి. గోడ అరిగేకొద్దీ లోపలి వ్యాసం పెరుగుతుంది! చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం పోతలోనే వేసి ఉండేది ఇందుకే. లేతు పట్టించినా ఆ అంకె దాటకూడదు. పెరిగినదాన్ని పట్టుకుని తరిగిందంటే ఎలా? అబ్బాయిగారి తరుగుదలను కారు విలువకు వాడుకోమనండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది కాబట్టి ఆ లెక్క ఆయనకు ఎప్పుడో ముగిసి ఉంటుంది.

‘అరిగింది’, ‘అరిగిపోయింది’ ఒకటి కావు. పత్రికలవాళ్ళు ప్రతి క్రియకూ ‘పోయింది’ తగిలించి ఈ తేడాను చెరిపేస్తున్నారు. లైనరులో ఇంకా పస ఉంటే అరిగింది, బిగించి సర్దుకోవచ్చు. రివిట్లు తేలి డ్రమ్మును గీరుతుంటే అరిగిపోయింది. అప్పుడు ఎడమా కుడీ రెండు చక్రాల షూలూ కలిపి మార్చాలి, ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది. పెడలు మీద కాలు పెట్టుకునే నడిపేవారి విషయంలో మాత్రం ‘అరగ్గొట్టారు’ అనడమే న్యాయం.

‘అరుగుడు బ్రేకులు’ అని కూడా ఎక్కడో చూశాను. తప్పని గట్టిగా అనలేను గాని, నేనైతే రాయను.